తెర మీద ఒక ఆట, బల్ల మీద ఒక ఆట



ఈ సాయంత్రం చదరంగం గురించి నాలుగు మాటలు చెబుదామని మీ ముందుకు వచ్చాను. ముందే ఒక మనవి. నేను చదరంగంలో ఆరితేరినవాణ్ణి కాను. హోసూరు దగ్గర ఒక పాఠశాలలో తెలుగూ, సాంఘికశాస్త్రమూ చెప్పుకునే ఉపాధ్యాయుణ్ణి. సాయంత్రం బడి వదిలాక పిల్లల ముందు చదరంగం బల్లలు పరిచి, దెబ్బలాడుకోకుండా చూసే పని కూడా నా మీదే పడింది. ఆ పనిలో నేను చేసిన ఒక పొరపాటునూ, దాన్ని దిద్దుకోవడానికి దూరదేశపు ఆటగాడొకాయన ఆట ఎలా పనికి వచ్చిందో, ఆ సంగతినీ ఇవాళ చెబుతాను.

మనవంటి సరిహద్దు ఊళ్లలో చదరంగం నేర్పడంలో మొదటి చిక్కు భాషతోనే వస్తుంది. మన తెలుగులో రాజు పక్కన నిలబడే పెద్ద పావును మంత్రి అంటాం. తమిళంలో దాన్ని రాణి అంటారు. తమిళంలో మంత్రి అంటే మనం శకటు అనే పావు. అదే కన్నడం మాట్లాడే ఇంటినుంచి వచ్చిన పిల్లవాడైతే ఆ శకటును ఒంటె అంటాడు. "మంత్రిని కదుపురా" అని నేనంటే, ఒకడు పెద్ద పావును కదుపుతాడు, ఇంకొకడు శకటును కదుపుతాడు. ఇద్దరూ నేను చెప్పినట్టే చేశామంటారు. ఇద్దరిదీ నిజమే! అందుకని ఈ ప్రసంగంలో మంత్రి అంటే మన తెలుగు మంత్రి అనుకోండి, శకటు అంటే ఏటవాలుగా నడిచేది అనుకోండి. ఇంట్లో చదరంగం బల్ల ఉంటే దగ్గర పెట్టుకోండి. లేకపోయినా ఫరవాలేదు.

2022లో మామల్లపురంలో ప్రపంచ చెస్ ఒలింపియాడ్ జరిగింది కదా. ఆ సందర్భంగా తమిళనాడులో బడి బడికీ చదరంగం పోటీలు పెట్టారు. ఆ తరవాత మా బడిలోనూ బల్లల ముందు చేరే పిల్లల సంఖ్య పెరిగింది. వాళ్లలో ఒక అమ్మాయి ఉంది. ఎనిమిదో తరగతి. వాళ్ల నాన్న గులాబీ తోటలో పని చేసి, పూలు మార్కెట్టుకు చేరవేసి రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరతాడు. ఆయన చేతిలో ఉన్న ఫోను అప్పటినుంచి ఈ అమ్మాయి చేతిలోకి వస్తుంది. తొమ్మిదిన్నర దాకా చదరంగం. ఎక్కడో అర్జెంటీనాలోనో, పోలండులోనో కూర్చున్న మనిషితో ఒక్కొక్కరికి ఒక్క నిమిషం గడువు పెట్టుకుని ఆడుతుంది. మా బల్లల దగ్గర ఆమెతో ఆడి గెలిచినవాళ్లు లేరు.

సరే, జిల్లా స్థాయిలో ఒక పోటీకి తీసుకువెళ్లాను. ఒక్కొక్కరికి ఇరవై అయిదు నిమిషాల గడువు, మొత్తం అయిదు ఆటలు. మొదటి ఆట నాలుగే ఎత్తుల్లో గెలిచి ఎగురుకుంటూ వచ్చింది. తక్కిన నాలుగూ ఓడిపోయింది. ఒక ఆటలో గుర్రాన్ని ముట్టుకుని, అయ్యో అనుకుని శకటును కదపబోయింది. ముట్టిన పావునే కదపాలన్నది బల్ల మీది నియమం. ఫోనులో ఆ నియమం లేదు. వేలు తీసి ఇంకోచోట నొక్కితే సరిపోతుంది. చివరి ఆటలో ఓడినప్పుడు గడియారం చూశాను. ఇరవై అయిదు నిమిషాల్లో ఆమె వాడుకున్నది నాలుగు నిమిషాలు!

బస్సులో నేను కోప్పడ్డాను. "మంత్రిని రెండో ఎత్తులోనే బయటికి తేవద్దని ఎన్నిసార్లు చెప్పానమ్మా?" అన్నాను. ఆ అమ్మాయి తల వంచుకునే, "నకమురా కూడా ఆ ఎత్తు ఆడినాడు గదా సార్" అంది. "నకమురా ఎవరో నాకు తెలీదు, నువ్వు మటుకు ఆడొద్దు" అన్నాను. అంతటితో ఊరుకోలేదు. వాళ్ల నాన్నతో ఫోను ఇవ్వవద్దని చెప్పాను. ఆయన ఇవ్వలేదు. రెండు వారాలు గడిచాయి. అమ్మాయి బల్లల దగ్గరకు రావడం మానేసింది. ఒకనాడు ఆ తండ్రే బడికి వచ్చి, "మీరు చెప్పినట్టే ఫోను పెరుక్కున్నాను సార్. ఇప్పుడు ఆటా మానేసింది, మాటా మానేసింది. ఏం చేసేది సార్?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆమె చెప్పిన ఆ నకమురా ఎవరో తెలుసుకోకుండా కసిరానే అని మాత్రం అనిపించింది. ఆ రాత్రి కూర్చుని ఆయన ఆటలు చూడడం మొదలుపెట్టాను.

హికారు నకమురా 1987 డిసెంబరులో జపాను దేశంలోని హిరకాటాలో పుట్టాడు. తండ్రి జపాను దేశస్థుడు, తల్లి అమెరికా దేశస్థురాలు. రెండేళ్ల వయసులో అమెరికా చేరాడు. అతని మారుతండ్రి సునీల్ వీరమంత్రి శ్రీలంకకు చెందినవాడు, పేరున్న చదరంగ ఉపాధ్యాయుడు. నకమురా పదిహేనేళ్ల వయసులో, 2003లో, గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. అప్పటివరకు ఆ దేశంలో అంత చిన్న వయసులో ఆ బిరుదు అందుకున్నవాడు బాబీ ఫిషర్. ఆ రికార్డును నకమురా దాటాడు. అమెరికా దేశ ఛాంపియన్‌షిప్‌ను అయిదుసార్లు గెలిచాడు. 2015 అక్టోబరులో 2816 రేటింగుతో ప్రపంచంలో రెండో స్థానానికి చేరాడు.

ఇది బల్ల మీది చరిత్ర. ఇంకొకటి తెర మీది చరిత్ర. ఇంటర్నెట్‌లో చదరంగం ఆడడం ఇంకా కొత్తగా ఉన్న రోజుల్లోనే స్మాల్‌విల్ అనే మారుపేరుతో ఆడి పేరు తెచ్చుకున్నాడు. ఒక్క నిమిషం ఆటను బులెట్ ఆట అంటారు. ఆ ఆట మీద 2009లో బ్రూస్ హార్పర్‌తో కలిసి ఒక పుస్తకమే రాశాడు. 2020లో కరోనా వల్ల లోకమంతా ఇళ్లలో కూర్చున్నప్పుడు, తాను ఆడుతూ, ఆడుతున్నది మాటల్లో చెబుతూ ప్రత్యక్షప్రసారాలు చేశాడు. లక్షలమంది చూశారు. ఇంటర్నెట్‌లో జరిగే పెద్ద పోటీ స్పీడ్ చెస్ ఛాంపియన్‌షిప్‌ను 2018 నుంచి 2022 దాకా వరుసగా అయిదేళ్లూ ఆయనే గెలిచాడు. 2022లో ఫైనల్‌లో ఓడినవాడు సామాన్యుడు కాడు, మాగ్నస్ కార్ల్‌సన్.

ఇంతకీ ఆయన ఆట తీరు ఏమిటి? చూసినంత మేరకు నాకు తోచింది చెబుతాను. ఆయన బాగా ఉన్న ఆటను గెలవడం కంటే, బాగా లేని ఆటను నిలబెట్టడంలో ఎక్కువ గట్టివాడు. స్థితి చెడిపోయినప్పుడు మనవంటివాళ్లం చేతులెత్తేస్తాం. ఆయన ఎదుటివాడికి ప్రతి ఎత్తులోనూ ఒక చిన్న ప్రశ్న వేస్తూ పోతాడు. ఒక్కో ప్రశ్నకూ ఎదుటివాడి గడియారంలో కొంత కాలం ఖర్చవుతుంది. బులెట్ ఆటలో గడియారం కూడా ఒక పావే అన్నమాట. పైగా తెర మీద ముందస్తు ఎత్తు అని ఒక సౌకర్యం ఉంది. ఎదుటివాడు ఆడకముందే మన ఎత్తు పెట్టి ఉంచవచ్చు. అతను ఆడిన మరుక్షణం మనది పడిపోతుంది. అతను ఏం ఆడతాడో మన ఊహ తప్పితే మాత్రం పావు పోతుంది. అందులో ఆయనది అందెవేసిన చెయ్యి.

ఇకపోతే ఆయన ఆట మొదలుపెట్టే పద్ధతులు. వీటిలో నాలుగింటిని చెప్పుకుందాం.

మొదటిది, మా అమ్మాయి చెప్పినదే. తెల్లవాళ్లు రాజు ముందరి బంటును రెండు గడులు జరుపుతారు. నల్లవాళ్లూ అలాగే జరుపుతారు. వెంటనే తెల్లమంత్రి ఏటవాలుగా దూసుకుపోయి, కుడివైపు చివరి నిలువు వరుసలో అయిదో గడిలో కూర్చుంటుంది. అక్కడినుంచి నల్లబంటు ఒకదాన్నీ, నల్లరాజు పక్కన బలహీనమైన గడినీ చూస్తుంటుంది. శకటు తోడు వస్తే, నల్లవాడు ఏమరుపాటున ఉంటే, నాలుగో ఎత్తుకు ఆటకట్టు. ఆట నేర్చుకున్న ప్రతి పిల్లవాడూ మొదటి నెలలో ఆడే ఎత్తు ఇది. దీన్ని ఒక గ్రాండ్‌మాస్టర్ మరో గ్రాండ్‌మాస్టర్ మీద నిజంగా ఆడాడా అంటే, ఆడాడు. 2005లో డెన్మార్క్, స్వీడన్ దేశాలలో జరిగిన పోటీలో ఆడాడు. ఎవరి మీద? మన చెన్నై ఆటగాడు కృష్ణన్ శశికిరణ్ మీద! మా అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం. అయితే ఆమె చూడనిది ఒకటుంది. శశికిరణ్ తొణకలేదు. గుర్రంతో బంటును కాపాడుకున్నాడు, ఇంకో బంటుతో మంత్రిని తోలాడు. ఆట చాలా దూరం సాగింది. చివరికి శశికిరణే గెలిచాడు. మంత్రిని బయటికి తెచ్చినవాడికి ఆ మంత్రి ఎక్కడికి వెనక్కి పోవాలో కూడా తెలుసు. నాలుగు ఎత్తుల్లో గెలవాలని ఆయన ఆడలేదు. ఎదుటివాణ్ణి పుస్తకాల దారినుంచి తప్పించి, అవతల సొంత బుర్రతో పోరాడదామని ఆడాడు.

రెండోది రాజు ఎత్తు. తెల్లవాడు రెండో ఎత్తుకే రాజును ముందుకు కదుపుతాడు. రాజుకు కోట కట్టుకునే హక్కు పోతుంది, మంత్రికీ శకటుకూ దారి మూసుకుపోతుంది. దీనికి బాంగ్‌క్లౌడ్ అని ఎగతాళి పేరు. నకమురా తనకంటే చాలా తక్కువవాళ్ల మీద తెరమీద దీన్ని వినోదానికి ఆడేవాడు. 2021 మార్చిలో ఇంటర్నెట్‌లో జరిగిన పోటీలో కార్ల్‌సన్ ఈ ఎత్తు వేస్తే, నకమురా కూడా తన రాజును అలాగే కదిపాడు. ఇద్దరూ రాజుల్ని ముందుకూ వెనక్కూ నడిపి, ఆరు ఎత్తుల్లో డ్రా చేసుకున్నారు. అప్పటికే ఇద్దరూ పోటీలో తరవాతి దశకు చేరుకున్నారు. ఆ ఆటలో పోయేదేమీ లేదు. పోయేదేమీ లేనప్పుడు పెద్దవాళ్లు నవ్వులకు ఆడిన ఎత్తును, పోయేది ఉన్నప్పుడు పిల్లలు ఆడితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు కదా.

మూడోది నాకు బాగా నచ్చినది. తెల్లవాడు మంత్రివైపు గుర్రం ముందరి బంటును ఒక్క గడి జరుపుతాడు. అంతే. తరవాత పక్కనున్న శకటు వచ్చి ఆ బంటు వదిలిన గడిలో కూర్చుంటుంది. అక్కడినుంచి బల్ల మధ్యగా, ఎదుటి మూల దాకా పొడుగాటి ఏటవాలు దారి కనిపిస్తుంది. నిమ్జోవిచ్, లార్సన్ అనే ఇద్దరు పాతతరం ఆటగాళ్ల పేరు మీద దీన్ని పిలుస్తారు. ఇంటర్నెట్ ఆటల్లో నకమురా దీన్ని తరచుగా ఆడాడు. కారణం ఊహించడం కష్టం కాదు. ఎదుటివాడు బట్టీపట్టిన ఎత్తులకు ఇక్కడ పనిలేదు. అతను ఏం ఆడినా మన మొదటి కొన్ని ఎత్తులు దాదాపు అవే. కాలం మిగులుతుంది, ప్రమాదం తక్కువ.

నాలుగోది నల్లపావులతో ఆడేది, కింగ్స్ ఇండియన్ అనే రక్షణ. తెల్లవాణ్ణి నడుమ గడులన్నీ ఆక్రమించుకోనిస్తాడు. తాను కోట కట్టుకుని, శకటును మూలన కూర్చోబెట్టి ఊరుకుంటాడు. తరవాత బంటుతో నడుమ గుద్దుతాడు. అక్కడ దారి మూసుకుపోయాక తెల్లవాడు మంత్రివైపు, నల్లవాడు రాజువైపు దండయాత్ర చేస్తారు. ఎవరు ముందు చేరితే వాళ్లది ఆట. 2010లో టర్కీలోని బుర్సాలో బోరిస్ గెల్ఫండ్ మీద నకమురా ఈ పద్ధతిలో గెలిచిన ఆట చాలా ప్రసిద్ధం. మన పల్లెల్లో గుడి అరుగుల మీద గీసి ఉండే పులిమేక ఆట ఎరిగినవాళ్లకు ఇది తొందరగా అర్థమవుతుంది. మేకలు చుట్టూ మూసేస్తున్నాయని తెలిసి కూడా, పులి తన దూకుడుకు చోటు వెతుక్కుంటూ కాచుకుంటుంది చూడండి, అలాంటిది.

ఇక్కడ ఒక మాట గమనించాలి. ఇవన్నీ చూసి నకమురా ఎప్పుడూ ఇలాగే ఆడతాడనుకుంటే పొరపాటు. గంటల కొద్దీ సాగే పెద్ద పోటీల్లో ఆయన వేరే మనిషి. అక్కడ రాజు బంటుకు ఎదురుగా రాజు బంటునే పెట్టి, గట్టి పునాది మీద ఓపికగా ఆడతాడు. కింగ్స్ ఇండియన్‌నూ కాలక్రమేణా తగ్గించుకున్నాడు. ఆ ఓపిక ఊరికే వచ్చింది కాదు. అలాంటి నిదానపు ఆటల్లో కార్ల్‌సన్ చేతిలో పన్నెండుసార్లు ఓడాక, 2016లో స్పెయిన్‌లోని బిల్బావోలో మొదటిసారి ఆయన మీద గెలిచాడు. 2024 ఏప్రిల్‌లో టొరంటోలో ప్రపంచ ఛాంపియన్‌ను ఢీకొనే హక్కు కోసం పోటీ జరిగింది. చివరిరోజున నకమురాకు ఎదురుగా కూర్చున్నది పదిహేడేళ్ల గుకేశ్. చెన్నైలో పుట్టిపెరిగిన తెలుగింటి పిల్లవాడు. అంటే మనలాగే రాష్ట్రం దాటి స్థిరపడిన తెలుగువాడు. ఆ ఆట డ్రా అయింది. అర పాయింటు తేడాతో గుకేశ్ ఆ పోటీ గెలిచి, అదే ఏడాది డిసెంబరులో సింగపూరులో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. అంతటి ఆటలో నకమురా రాజును రెండో ఎత్తుకు కదపలేదు, మంత్రిని పరిగెత్తించలేదు. తెర మీద వేగం, బల్ల మీద నిదానం. రెండూ ఒకే మనిషి. ఏది ఎక్కడ వాడాలో తెలియడమే ఆయన గొప్ప.

ఇంకో సంఘటన కూడా చెప్పాలి, ఎందుకంటే పిల్లలు ముందు పట్టుకున్నది దాన్నే. 2025 అక్టోబరులో అమెరికాలోని ఆర్లింగ్టన్‌లో ప్రేక్షకుల వినోదం కోసం ఒక ప్రదర్శన పోటీ జరిగింది. అందులో గుకేశ్ మీద గెలిచిన నకమురా, గుకేశ్ రాజును తీసి జనంలోకి విసిరాడు. సంబరం కోసమే అలా చేశానన్నాడు. మెచ్చినవాళ్లు మెచ్చారు, నొచ్చుకున్నవాళ్లు నొచ్చుకున్నారు. అదే నెలాఖరున సెయింట్ లూయిస్‌లో గుకేశ్ నకమురా మీద ఒక ఆట గెలిచాడు. గెలిచి ఏం చేశాడు? తన అలవాటు ప్రకారం పావులన్నీ ఎక్కడివక్కడ నిదానంగా సర్దిపెట్టాడు. మా బడిలో ఒక వారం రోజులు రాజులు కిటికీ అవతలికి ఎగిరాయి. రెండో ఆట సంగతి కూడా చెప్పి, ఈ రెండింటిలో మీకు ఏది నచ్చిందిరా అని అడిగాను. ఎవరూ బదులు చెప్పలేదు కానీ, మర్నాటినుంచి పావులు పెట్టెలోకి చేరడం చూశాను.

మళ్లీ మా అమ్మాయి దగ్గరకు వద్దాం. ఆటలన్నీ చూశాక వాళ్లింటికి వెళ్లాను. "అమ్మా, నకమురా ఆ ఎత్తు ఆడిన మాట నిజమే. తెలుసుకోకుండా కోప్పడ్డాను, తప్పు నాది" అన్నాను. ఉపాధ్యాయుడు ఈ మాట అనడం అంత తేలిక కాదని మీకు తెలుసు. ఆ అమ్మాయి మాట్లాడలేదు. శశికిరణ్ ఆటను బల్లమీద పెట్టి, "ఇక్కడినుంచి మంత్రి ఎక్కడికి పోవాలో నువ్వు చెప్పు" అన్నాను. చాలాసేపు చూసింది. తరవాత బల్లను తనవైపు లాక్కుంది. ఆ లాక్కోవడంతో నాకు ధైర్యం వచ్చింది.

ముగ్గురం కూర్చుని ఒక ఒప్పందానికి వచ్చాం. ఫోను రోజుకు అరగంట. ఒక్క నిమిషం ఆటలు బడి లేని రోజున మాత్రమే, తక్కిన రోజుల్లో పది నిమిషాల ఆట. ఓడిన ప్రతి ఆటనూ మర్నాడు బల్లమీద మళ్లీ పెట్టాలి. ఒక నోటుపుస్తకంలో మూడు ప్రశ్నలకు జవాబు రాయాలి. ఎదుటివాడు ఈ ఎత్తు ఎందుకు వేశాడు? నేను ఏం చూడలేదు? నా దగ్గర ఇంకా ఎంత కాలం ఉంది? తమిళంలో రాస్తావా, తెలుగులో రాస్తావా అంటే, తెలుగులోనే రాస్తానంది. అందులో అచ్చు తప్పులు బోలెడు. అవి నేను దిద్దలేదు. ఆ పుస్తకం తెలుగు పరీక్ష కాదు కదా.

మంత్రి ఎత్తును ఆమె తనంతట తనే మానుకుంది. బదులుగా ఆ మూడో పద్ధతిని పట్టుకుంది. ఎందుకమ్మా అది నచ్చింది అంటే, "మా మిద్దెమీద నిలబడితే రోడ్డు చివరిదాకా కనిపిస్తుంది సార్. ఆ శకటు కూడా అట్లే ఉంటుంది" అంది. ఆ మాట విన్నాక నేను ఆమెకు చెప్పవలసింది ఏమీ లేదనిపించింది. ఎవరినో చూసి వేసే ఎత్తుకూ, ఎందుకు వేస్తున్నామో తెలిసి వేసే ఎత్తుకూ తేడా అదే.

మరుసటి పోటీలో అయిదు ఆటలకు మూడు పాయింట్లు తెచ్చుకుంది. బహుమతి రాలేదు. ఆడుతున్నంతసేపూ తన రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది, పావును ఊరికే ముట్టకుండా. ఓడిన ఒక ఆటలో గడియారం చూశాను. ఇరవై రెండు నిమిషాలు వాడుకుంది. బయటికి వస్తూనే, "ఎక్కడ తప్పినానో తెలిసింది సార్" అంది. బస్సులో ఈసారి మాట్లాడింది ఆమే, విన్నది నేను.

శ్రోతలారా, మన ఇళ్లలో పిల్లల చేతిలో ఫోను చూస్తే మనకు కోపం వస్తుంది. ఆ కోపంలో న్యాయం లేకపోలేదు. కాని లాక్కునే ముందు ఒక్కసారి పక్కన కూర్చుని, ఏం ఆడుతున్నావు, ఎవరి ఆట చూస్తున్నావు, అందులో నీకు నచ్చిందేమిటి అని అడిగి చూడండి. జవాబు రావచ్చు, రాకపోవచ్చు. రాకపోతే మధ్యలో ఒక చదరంగం బల్ల పెట్టండి. మంత్రిని రాణి అన్నా, శకటును ఒంటె అన్నా, అది నడిచే దారి మాత్రం ఏ భాషలోనైనా ఒకటే.